లోపల ఏం మాట్లాడిందో మా అమ్మాయి చెప్పట్లేదు

మబ్బుచాటు:
అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి. మా అమ్మాయికి 15 ఏళ్లు. నాలుగు నెలల కిందట పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. సెలవు రోజుల్లో మాత్రం నొప్పి ఉండదు. స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ చేయించాం, ఏమీ లేదన్నారు. ఈలోగా ఫ్రెండ్స్ ఫోన్ చేస్తే ఎత్తడం మానేసింది. గదిలోంచి బయటికి రాదు. పలకరించబోతే "అమ్మా, ఆపుతావా" అంటుంది. చివరికి పిల్లల డాక్టరే ఒక థెరపిస్ట్ (మాటలతో మనసుకి వైద్యం చేసేవారు) దగ్గరికి పంపారు.

మూడు వారాలైంది. వారానికొకసారి, 50 నిమిషాలు. తలుపు వేసేస్తారు. నేను బయట కుర్చీలో కూర్చుని గోడ గడియారం చూస్తుంటాను. వచ్చాక "ఏం మాట్లాడుకున్నారే?" అంటే "ఏం లేదు" అని ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకుంటుంది. ఆ థెరపిస్ట్‌ని అడిగితే "బాగానే వస్తోందండీ, తొందరపడకండి" అంటారు. మా ఆయనేమో "కన్నతల్లికి కూడా చెప్పకూడని మాటలేమిటి అక్కడ?" అని రోజూ నస.

అసలు లోపల ఏం జరుగుతుంది? ఉత్త మాటలతో కడుపునొప్పి పోతుందా? ఇంకో సంగతి, సిగ్గు విడిచి రాస్తున్నా. నా గురించే చెప్పుకుంటోందేమోనని భయంగా ఉంది.

పాతసైకిల్:
తప్పుగా అనుకోకండి. ముక్కూ మొహం తెలియని మనిషితో మాట్లాడితే వచ్చే లాభం, ఇంట్లో మనం దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడితే రాదా? ఆ వయసులో మనం దిగులు పడలేదా, దాటలేదా? ఇప్పుడు ప్రతిదానికీ ఒక పేరు, ఆ పేరుకో స్పెషలిస్టు. ఫోన్ లాక్కోండి, సగం కుదురుతుంది.

కిటికీపక్కసీటు:
ఆంటీ, నాకిప్పుడు 20. పదహారో ఏట తొమ్మిది నెలలు థెరపీకి వెళ్లాను. నా వరకు ఏం జరిగిందో చెప్తాను.

మొదటి రెండు వారాలు ఏమీ జరగలేదు. నిజంగానే. నేనాడే వీడియో గేమ్ గురించి మాట్లాడుకున్నాం. మా థెరపిస్ట్‌కి దాని గురించి ఓనమాలు తెలీవు, రూల్స్ అన్నీ నాతో చెప్పించుకున్నాడు. దీనికా ఇంత దూరం రావడం అనుకున్నాను. పెద్దవాళ్లెవరైనా మధ్యలో సరిదిద్దకుండా నా మాట అరగంట విన్నది అప్పుడే అని తర్వాతెప్పుడో తట్టింది.

నా సమస్య క్లాసులో పైకి చదవడం. నా వంతు దగ్గరపడుతోందంటే అరచేతుల్లో చెమట, గొంతు పూడుకుపోయేది. బాత్రూమ్ అని చెప్పి జారుకునేవాణ్ణి. మూడోవారం ఆయన తెల్లకాగితం మీద పది మెట్ల నిచ్చెన గీశాడు. పైమెట్టు మీద "క్లాసులో పేజీ మొత్తం చదవడం" అని నేనే రాశాను. అడుగుమెట్టు, గదిలో ఒక్కణ్ణే చదివి ఫోన్‌లో రికార్డ్ చేసుకోవడం. మూడో మెట్టు ఏంటో తెలుసా? ఏదో ఒక షాపుకి ఫోన్ చేసి ఎన్నింటికి మూస్తారని అడగడం! నవ్వొస్తుంది కదా. డయల్ చేసే ముందు, భయం పదికి ఎంత ఉందని అడిగాడు. 8 అన్నాను. పెట్టేశాక 5. అలా ఇంకో నాలుగు షాపులకి చేయించాడు. అయిదో ఫోన్‌కి 2కి దిగింది, విసుగు కూడా వచ్చింది. భయం పోయాక చేద్దామని రెండేళ్లు ఆగినవాణ్ణి, చేస్తుంటే అదే విసుగులోకి మారిపోయింది.

ఎనిమిదో మెట్టు దగ్గర బోల్తా పడ్డాను. రెండు వారాలు వెళ్లనని మొండికేశాను. పైమెట్టు ఎక్కేసరికి ఏడు నెలలు.

ఒక్క రిక్వెస్ట్. కారులో అడక్కండి. ఆ గదిలోంచి వచ్చేటప్పటికి లోపలంతా పచ్చిగా ఉంటుంది. మా అమ్మ రెండోవారం నుంచే మొదలుపెట్టేది. ఆమె కోసం ఒక జవాబు ముందే తయారుచేసుకునేవాణ్ణి, సెషన్‌లో చివరి పది నిమిషాలు దానికే పోయేవి.

చెవియొగ్గి:
మబ్బుచాటు గారూ, నేను 14 ఏళ్లుగా థెరపిస్ట్‌గానే ఉన్నాను, ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల పిల్లలతో. కిటికీపక్కసీటు చెప్పిన ఆ పది నిమిషాల మాట నేను రేపు చాలామంది తల్లిదండ్రులకి చెప్పబోతున్నాను.

ముందు తలుపు సంగతి. మొదటిరోజే పిల్లనీ తల్లిదండ్రులనీ కలిపి కూర్చోబెట్టి మేం చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇక్కడ అన్నది ఇక్కడే ఉంటుంది. ప్రాణానికి ముప్పుందనిపించినా, ఎవరో హింసిస్తున్నారని తెలిసినా, ఇంకొకరికి హాని తలపెట్టినా మాత్రం చెప్పాల్సినవాళ్లకి చెబుతాం, వీలైనంతవరకు పిల్లతో మాట్లాడాకే. చట్టం వివరాలు దేశాన్ని బట్టి మారతాయి. మీతో ఈ మాట అనకపోయి ఉంటే మీరే అడగండి, మొహమాటం వద్దు.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. ఏ లక్ష్యం పెట్టుకున్నారు? ఏ పద్ధతిలో వెళ్తున్నారు? పనిచేస్తోందో లేదో ఎన్నాళ్లకి చూస్తారు? ఇంట్లో మేం ఏం మానాలి? వీటికి నోరు విప్పని థెరపిస్ట్ గోప్యత పేరుతో తప్పించుకుంటున్నట్టే. మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో చెప్పిన లెక్క మేం ఇప్పటికీ వాడతాం. చేరాల్సిన చోటు మీద ఒప్పందం, చేసే పని మీద ఒప్పందం, ఇద్దరి మధ్య నమ్మకం. ఈ మూడూ కుదరాలి. టీనేజ్ పిల్లలతో చిక్కెక్కడంటే, చేరాల్సిన చోటు తల్లిదండ్రులు ముందే రాసుకుని వస్తారు. అమ్మాయి స్కూలుకి వెళ్లాలన్నది మీ కోరిక. స్కూల్లో ఫలానా ముగ్గురి కంట పడకూడదన్నది ఆమె కోరిక కావచ్చు. రెండూ కలిసే చోటు దొరకడానికే కొన్ని వారాలు పడుతుంది. వీడియో గేమ్ కబుర్లు అందుకే.

ఇక కడుపునొప్పి. అది నటన కాదు. భయంలో అరుగుదల మందగిస్తుంది, పొట్ట బిగుసుకుంటుంది, నొప్పి నిజంగానే వస్తుంది. ఇంట్లో ఉండిపోతే తగ్గుతుంది. ఆ తగ్గడంలోనే మర్నాటి నొప్పికి విత్తనం పడుతుంది, ఎందుకంటే తప్పించుకోబట్టి గండం గడిచిందని మెదడు రాసిపెట్టుకుంటుంది. దీన్ని విడదీసే పద్ధతుల్లో బాగా పరీక్షకు నిలిచింది సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ కొద్దికొద్దిగా మార్చే మాటల వైద్యం. 1960ల్లో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ పెద్దవాళ్ల డిప్రెషన్ కోసం మొదలుపెట్టిన దాన్నుంచి ఎదిగింది. పై నిచ్చెన కూడా ఆ సంచిలోదే.

"ఉత్త మాటలతో" అన్నారు కాబట్టి ఒక లెక్క. 2008లో అచ్చయిన అమెరికా అధ్యయనంలో ఆందోళన సమస్యలున్న 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 488 మంది. 12 వారాలయ్యాక బాగా మెరుగైనవాళ్లు సీబీటీతో దాదాపు 60 శాతం, సెర్ట్రలిన్ అనే మందుతో 55, రెండూ కలిపితే 81, మందు లేని ఉత్తుత్తి మాత్రతో 24.

పాతసైకిల్:
నేనూ వెతకగలను మేడమ్. 2004లో డిప్రెషన్ ఉన్న 439 మంది టీనేజర్ల మీద ఇంకో అధ్యయనం ఉంది. 12 వారాలకి సీబీటీ 43 శాతం, ఉత్తుత్తి మాత్ర 35. ఆ ఎనిమిది శాతం కోసమా ఈ హడావుడంతా? మీకు నచ్చిన లెక్క మీరు చూపించారు.

చెవియొగ్గి:
సరిగ్గా పట్టుకున్నారు. ఆ ఎనిమిది కూడా గణాంకాల పరీక్షలో నిలవలేదు, అంటే కాకతాళీయం కావచ్చు. అందులోనే ఫ్లూఆక్సెటిన్ మందు 61, రెండూ కలిపితే 71. అయితే అదే పిల్లల్ని 36 వారాల దాకా చూస్తే సీబీటీ 81, మందు 81, రెండూ కలిపి 86. అప్పటికి పోల్చి చూడ్డానికి ఉత్తుత్తి మాత్ర గుంపు లేదు, కాబట్టి ఆ మెరుగులో కొంత, కాలం గడిచినందుకే వచ్చి ఉండొచ్చు. అదీ ఒప్పుకుంటాను.

నేను దాన్నుంచి తీసుకున్నది ఇది. భయాల మీద మాటల వైద్యం కాస్త త్వరగా పనిచేస్తుంది. డిప్రెషన్ బాగా ముదిరితే ఒక్క మాటల మీదే ఆధారపడి నెలలు పోగొట్టకూడదు, సైకియాట్రిస్ట్ కూడా చూడాలి. పిల్లలకి డిప్రెషన్ మందులిచ్చినప్పుడు చావు ఆలోచనలు పెరగొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లోనే హెచ్చరిక పెట్టించింది. మొదటి వారాల్లోనూ, డోసు మార్చినప్పుడూ కనిపెట్టుకుని ఉండాలి. భయపడి మధ్యలో మీరే ఆపేస్తే అది ఇంకో ప్రమాదం.

ఫోన్ విషయంలో సగం మీతోనే ఉన్నాను. రాత్రి ఫోన్ గది బయట ఉండాలి, టీనేజర్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. కానీ ఫ్రెండ్స్‌కి దూరమవుతున్న పిల్ల దగ్గర పగలు కూడా లాక్కుంటే ఉన్న ఒక్క దారం తెంపినట్టు.

నల్లబల్ల:
పిల్లలకి పాఠాలు చెప్పడం నా పని. థెరపీ గురించి పుస్తకజ్ఞానం లేదు, వెళ్లొచ్చిన పిల్లలు క్లాసులో ఎలా మారారో మాత్రం చూశాను.

ఏడాది కిందట ఒక అబ్బాయి. ఎవరైనా నవ్వితే చాలు కుర్చీ తన్నేవాడు. అడిగితే "కోపం వచ్చింది సార్" తప్ప ఇంకో మాట ఉండేది కాదు. మూణ్నాలుగు నెలలు థెరపీకి వెళ్లాక ఒకరోజు బల్ల దగ్గరికొచ్చి "సార్, నాకు ఉక్రోషంగా ఉంది, అయిదు నిమిషాలు బయట నిలబడి వస్తాను" అన్నాడు. నాకు మాట రాలేదు. ఉక్రోషం! ఎంత సరైన మాట. అవమానం కడుపులో పెట్టుకున్న కోపం అది, ఏమీ చేయలేనితనం కూడా అందులో ఉంది. ఈ తరం పిల్లల దగ్గర టెన్షన్, బోర్, చిరాకు, ఈ మూడే ఉంటాయి. బెంగ, దిగులు, చిన్నబుచ్చుకోవడం, అసూయ, గిల్టీ, అన్నీ ఆ మూడు డబ్బాల్లోనే కుక్కేస్తారు. ఎవరో కూర్చుని ఓపిగ్గా వాటిని విడదీశారు. భావోద్వేగాల ఎదుగుదల అని పెద్ద మాటలంటారు గానీ, నాకు కనిపించింది కుర్చీకీ ఆ మాటకీ మధ్య వచ్చిన ఎడం.

దీని మీద పరిశోధన కూడా ఉందని తర్వాత తెలిసింది. 2007లో మాథ్యూ లీబర్‌మన్ అనే మనస్తత్వవేత్త బృందం మెదడు స్కాన్‌లలో చూసింది. భయం, కోపం కనిపించే ముఖాలు చూస్తూ ఆ భావానికి పేరు పెట్టినప్పుడు అమిగ్డలా (మెదడులో భయాన్ని పసిగట్టే భాగం) హడావుడి తగ్గింది.

ఇదే పాఠంగా పెట్టి అందరికీ ఒకేసారి నేర్పేద్దామంటే మాత్రం కుదరట్లేదు. బ్రిటన్‌లో 8 వేల మందికి పైగా విద్యార్థుల మీద స్కూల్లో మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీద ధ్యాస నిలిపే సాధన) పాఠాలు పెట్టి చూశారు, ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలుగా జరిగే బోధన కన్నా మేలేమీ తేలలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధనే చేయలేదు. నలభై మందికి ఒకే కళ్లద్దాలు తగిలించినట్టే కదా.

రెండోగుమ్మం:
అందరూ మంచే రాస్తున్నారు, నేను చేదు రాస్తాను. మా వాడిని పంపిన మొదటి థెరపిస్ట్, వాడు లోపల చెప్పిందంతా మాకు ఫోన్ చేసి చెప్పేది. మేమూ ఆనందంగా విన్నాం, అబద్ధమెందుకు. ఒకరోజు ఏదో గొడవలో మా ఆయన నోరు జారి వాడు లోపల అన్న మాటే వాడికి అప్పజెప్పారు. వాడి ముఖం ఇప్పటికీ కళ్లముందుంది. అరవలేదు, ఏడవలేదు. "ఓహో" అన్నాడంతే. ఆ తర్వాత ఏడాదిపాటు ఎవరితోనూ ఏమీ చెప్పలేదు.

రెండో ఆయన మొదటిరోజే మమ్మల్ని కూర్చోబెట్టి, ముందుగా వాడికి సారీ చెప్పమన్నారు. చెప్పాం. మబ్బుచాటు గారూ, మీ థెరపిస్ట్ చెప్పట్లేదంటే నాకు ఈర్ష్యగా ఉంది.

తలుపుతట్టి:
మా సంగతి వేరు. వాడు అసలు వెళ్లనే వెళ్లనన్నాడు. 13 ఏళ్లు. బతిమాలాం, బెదిరించాం, ఊహూఁ. చివరికి థెరపిస్ట్ "బాబుని వదిలేయండి, మీరిద్దరూ రండి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. రోగం వాడికైతే మందు నాకా?

అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఎలీ లెబోవిట్జ్ తయారుచేసిన స్పేస్ అనే పద్ధతి ఒకటుందట, తల్లిదండ్రులతోనే చేసేది. పిల్లలకి నేరుగా సీబీటీ ఇచ్చినదానికి ఇది తీసిపోలేదని 2020లో అచ్చయింది. సరే చూద్దాం అనుకున్నాం.

వాడి భయం దొంగల గురించి. రాత్రి "నాన్నా, తలుపు వేశావా?" అంటాడు. వేశాన్రా అంటాను. రెండు నిమిషాలకి మళ్లీ. ఒక రాత్రి లెక్కపెట్టాను, 37 సార్లు. ప్రతిసారీ జవాబిచ్చి వాడి భయానికి నేనే కాపలా కాస్తున్నానని అప్పటిదాకా తోచలేదు. వాళ్లు చెప్పినట్టు ముందే వాడితో అన్నాం: "నీకు చాలా భయంగా ఉంటుందని మాకు తెలుసు. తట్టుకోగలవని కూడా తెలుసు. ఇవాళ్టి నుంచి ఒక్కసారే చెప్తాను." మొదటి రాత్రి నరకం. వాడు గోడకి దిండు విసిరాడు. నేను మంచం మీద నా చేతులు నేనే పట్టుకుని కూర్చున్నాను. పదో రాత్రికి నాలుగుసార్లు అడిగి పడుకున్నాడు. రెండు నెలల తర్వాత "నేనూ ఒకసారి వచ్చి చూస్తా ఆ ఆంటీని" అన్నాడు.

అర్ధరాత్రిరాత:
కొత్త అకౌంట్‌తో రాస్తున్నాను. మా చెల్లి చేతి మీద గీతలు చూశాను నిన్న. ఫుల్ హ్యాండ్స్ వేసుకుంటోంది ఎండల్లో కూడా. 14 ఏళ్లు. అడిగితే ఆ ఆలోచన ఇంకా పెంచినట్టవుతుందా? వచ్చే వారం అపాయింట్‌మెంట్ ఉంది.

చెవియొగ్గి:
అమ్మా, లేక బాబూ, ఇవాళే అడగండి. అడిగితే ఆలోచన పుట్టదు, పెరగదు. అడిగేవాళ్లు ఉన్నారని తెలిస్తే చాలామంది పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. తిట్టకుండా, గాభరా పడకుండా, "చూశాను. చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని ఆ మాటే వాడి అడగండి. అవునన్నా, మీకు అనుమానం తీరకపోయినా వారం ఆగొద్దు. ఒంటరిగా వదలకండి, మందులూ పదునైనవీ అందకుండా తీసేయండి, అమ్మానాన్నలకి చెప్పండి, అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. లేదంటే కూడా థెరపిస్ట్‌కి ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. ఇది రహస్యంగా దాచే విషయాల్లోది కాదు.

ఇలా గాయపరుచుకునే పిల్లల కోసమే ఒక పద్ధతి ఉంది, డీబీటీ అంటారు. మార్షా లినహాన్ పెద్దవాళ్ల కోసం రూపొందించింది, తర్వాత టీనేజర్లకి తగ్గట్టు మార్చారు. తట్టుకోలేని ఆ ఇరవై నిమిషాలు ఒంటికి హాని లేకుండా ఎలా గడపాలో నేర్పుతారు. మీకు విడిగా మెసేజ్ పెట్టాను, చూడండి.

అర్ధరాత్రిరాత:
చూశాను. అమ్మని లేపాను. థాంక్స్ మేడమ్.

పాతసైకిల్:
పైన మొదట రాసిందాంట్లో "ఫోన్ లాక్కోండి" వెనక్కి తీసుకుంటున్నా. మిగతాది ఇంకా ఆలోచించాలి. పిల్లలు మనతో చెప్పుకోలేనిది బయటివాళ్లతో చెప్పుకుంటున్నారంటే నాకు ఎక్కడో గుచ్చుకుంటుంది, అది మాత్రం పోదు. మా వాడికి 17. పక్కపక్కన సైకిల్ తొక్కుతున్నప్పుడు తప్ప నోరు విప్పడు. ఎదురుగా కూర్చోబెడితే రాయి.

కిటికీపక్కసీటు:
అంకుల్, సైకిలే తొక్కండి. ఎదురుగా కూర్చుంటే ఇంటర్వ్యూలా ఉంటుంది మాకు. మా థెరపిస్ట్ కూడా కుర్చీ కాస్త పక్కకి తిప్పుకునేవాడు.

మబ్బుచాటు (అయిదు వారాల తర్వాత):
ఎవరైనా ఇంకా చూస్తున్నారో లేదో. స్కూల్లో ఏదో జరిగిందని మాత్రం తెలిసింది. ఏమిటన్నది తనకి చెప్పాలనిపించినప్పుడు చెప్తుందట. మావారు ఆ "ఏమిటి" కోసం రెండు రోజులు గింజుకున్నారు, ఇప్పుడు కాస్త నయం. ఇప్పుడు వారంలో మూడు రోజులు వెళ్తోంది, సగం పూట. పోయిన వారం మాత్రం మళ్లీ రెండు రోజులు నొప్పి.

కారులో అడగడం మానేశాను. మొదటిసారి ఎంత కష్టమైందంటే స్టీరింగ్ మీద వేళ్లు తెల్లబడ్డాయి. ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడల్లా ప్రశ్న నోటిదాకా వచ్చేది. నాలుగోవారం, అంటే నిన్న, తనే ఒక చెవిలోది తీసి "ఇవాళ నిన్ను లోపల బాగా తిట్టాను" అంది.

నాకు గుండె జారింది. ఏం అడక్కూడదో మీరంతా చెప్పారు గానీ ఏం అనాలో ఎవరూ చెప్పలేదు కదా. "అయిపోయిందా, ఇంకా ఉందా?" అన్నాను.

"ఇంకా ఉంది. వచ్చేవారానికి దాచిపెట్టాం" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ. నవ్వుతోందో లేదో అద్దంలో సరిగ్గా కనబడలేదు.